వఫ్రాకు చేరని మాట

"ఏమయ్యా, ఉలకవు పలకవు. నోట్లో మన్ను పోసుకోనుండావా?"

రేడియోలో సుబ్బరత్నమ్మ గొంతు ఖంగుమంది. చిన్నపుల్లయ్య మైకు బొత్తాం నొక్కాడు. "పలుకుతానే ఉండా గదమ్మే. ముత్తన్న బండెక్కు."

"సూడన్నా, మళ్లీ పలకల్యా," అంటోందామె పక్కనున్న ముత్తన్నతో.

"అక్కా, ఎక్కుతవా ఎక్కవా? ఇంక ఆగితే తొవ్వల మిలిటరోళ్లు ఆపుతరు," అని ముత్తన్న గొంతు కూడా రేడియోలోనే వినిపించింది.

"ఆయప్ప నోటితో రమ్మంటేనే కదిలేది."

చిన్నపుల్లయ్యకు తల గోడకేసి కొట్టుకోవాలనిపించింది. ఇరాకు సైన్యం దిగిన రోజున, తాను రమ్మనేదాకా తోట దాటొద్దని చెప్పింది తానే. ఫోన్లు చచ్చాక సల్వా ఇంట్లో డ్రైవరైన తనకూ, వఫ్రా తోటలో వంట చేసే భార్యకూ, రెండింటి యజమాని, కఫీల్ అబ్దుల్ సలాం సరదాకు పెట్టుకున్న రేడియోలే దిక్కు. ఈ మేడ మీదొక పెట్టె, ఆ తోటలో ట్యాంకు మీదొక పెట్టె. ఒకటి విన్నది రెండోది అందుకుని చెబుతుంది. నిన్నటిదాకా బాగానే చెప్పాయి. ఇద్దర్నీ ఇంటిదారి పట్టించే జోర్డాన్ బస్సేమో ఈ మధ్యాహ్నమే.

అబ్దుల్ సలాం విసురుగా వచ్చాడు. "రోడ్డు మీదికి వినపడుతోంది నీ అరుపు. సైనికులొస్తే రేడియోలూ పోతాయి, మనమూ పోతాం."

"అరిచినా ఇనపడ్ల్యా బాబా."

"అరుపుతో పనేముంది? మాట కింద చెవికి వినపడని రొద ఒకటి పోవాలి. అది తగిలితేనే వఫ్రా పెట్టె నోరు తెరుస్తుంది. మన పెట్టె మాటను వడగట్టేటప్పుడు ఆ రొదను తీసేస్తుంది. మళ్లీ కలిపేది పక్కనున్న చిన్న డబ్బా. పద, యల్లా."

పైగదిలో పెద్ద పెట్టె వెలుగుతోంది. చిన్న డబ్బా చచ్చినట్టు పడుంది. దాని ప్లగ్గు నేల మీదుంది. అది ఉండాల్సిన చోట ఇంకో తీగ. ఆ తీగ చివర నరసింహస్వామి పటం, ముందర ఎర్రటి జీరో బల్బు.

అబ్దుల్ సలాం పటాన్ని చూశాడు, డ్రైవర్ని చూశాడు.

"సిన్న డబ్బా ఏ శబ్దమూ సెయ్యదు గదా బాబా. ఊరికే ఉండాదనుకుంటి," అన్నాడు చిన్నపుల్లయ్య. సైనికులు కింద గదులు సోదా చేస్తారని నిన్న సాయంత్రమే పటాన్ని పైకి తెచ్చాడు. తానొచ్చేదాకా స్వామి ముందర బల్బు ఆరనీయొద్దని సుబ్బరత్నమ్మ ఒట్టు పెట్టించుకుంది మరి.

"అడిగితే ఇంకో బోర్డు ఇచ్చేవాణ్ణి కదా," అని అబ్దుల్ సలాం నుదురు పట్టుకున్నాడు. "ఖలాస్. తియ్యి."

చిన్నపుల్లయ్య లెంపలేసుకుని బల్బు తీగ పీకాడు. డబ్బా ప్లగ్గు పెట్టి కిందికి పరుగెత్తాడు.

"సుబ్బరత్నా, బండెక్కి రా."

ఒక్క క్షణం గరగర.

"అబ్బ, ఇప్పటికి పెగిలిందా నోరు. ఈ ముక్క పొద్దున్నే సెప్తే నీ సొమ్మేం పోయె?"

పళ్లు కొరుక్కున్నాడు. "బండెక్కు ముందు."

"ఎక్కుతాండాలే. స్వామి కాడ బల్బు ఎలుగుతాందా?"

అతను మెట్ల వైపు చూశాడు. మెట్లు దిగొచ్చిన అబ్దుల్ సలాం అతన్నే చూస్తున్నాడు.

"ఎలుగుతాంది. నువ్వు రా."