ఓదార్చే గొంతు

రోములోని ఆ డబ్బింగ్ హాల్లో తెర తప్ప అంతా చీకటి. ఫిల్ము ముక్క రెండు కొసలూ అతికించి చక్రంలా తిప్పుతారు. పెదవులకు మాట కుదిరేదాకా అదే దృశ్యం మళ్లీ మళ్లీ వస్తుంది. పాత సినిమా. గడియారాలు రహస్యంగా జరిపి, భార్యకు మతి తప్పిందని ఆమెనే నమ్మించే భర్త కథ. భార్యకు గొంతు ఎర్సీలియాది.

"అలసిపోయావు, అంతే... నేనున్నాగా," అన్నాడు భర్తకు గొంతిచ్చే నెస్తోరె.

మొదటిసారి ఆమెకేమీ అనిపించలేదు. చక్రం తిరిగిన కొద్దీ ఒళ్లు చల్లబడసాగింది. అవే మాటలు. మధ్యలో అదే చిన్న విరామం. ఆమె పోగొట్టుకున్న తాళాలో ఉంగరమో వెతికి తెచ్చి చేతిలో పెడుతూ భర్త ఫుల్వియో అనేది ఇదే. ఈ సాయంత్రం ఆమెను కొండమీది మానసిక వైద్యశాలలో చేర్చడానికి కారు తెస్తున్నాడు. కొన్నాళ్ల విశ్రాంతికేనన్నాడు. ఆమె సరేనంది కూడా.

"అవును, నేనే మరిచిపోయాను." ఆమె వంతు మాట వణికింది.

"అదీ వణుకంటే! ఇన్నాళ్లూ ఎక్కడ దాచావే తల్లీ?" డైరెక్టర్ తుల్లియో చప్పట్లు కొట్టాడు.

"ఈ మొగుడెంత ముద్దుగా చంపుతున్నాడో! మా అత్తగారు చూసిందంటే నన్నూ అనుమానిస్తుంది," నెస్తోరె నవ్వాడు.

ఎర్సీలియా తుల్లియో పక్కకు వెళ్లి మెల్లగా చెప్పింది. "మా ఇంట్లో జరిగేదీ ఇదే. ఆ వస్తువులు దాచేది ఫుల్వియోనే. నేను ఆసుపత్రికి వెళ్లను. మా అక్కకు ఫోను చేసుకోనివ్వండి."

తుల్లియో ముఖంలో నవ్వు పోయి జాలి వచ్చింది. "పొద్దున్నే ఫోను చేశాడమ్మా మీ ఆయన. ఆ సినిమా కథంతా తనకే జరుగుతోందంటుంది, కంగారు పడకండి అన్నాడు. అక్కకు ఫోను చేస్తానంటుందనీ చెప్పాడు. పాపం, ఏడ్చాడు."

ఇక ఏ నిజం చెప్పినా జబ్బుకు సాక్ష్యమే.

తలుపు తెరుచుకుంది. ఆమె కోటు చేతిమీద వేసుకుని ఫుల్వియో నిలబడ్డాడు. "వెళ్దామా, బంగారం?"

ఎర్సీలియా ఊపిరి కూడదీసుకుంది. మైకు ముందు నిలబడ్డట్టే నిలబడి, మెత్తగా అంది: "వచ్చావా, అమ్మయ్య! ముఖం కడుక్కుని వచ్చేస్తాను."

అతను నమ్మాడు.

వెనక మెట్లు దిగి, కోటు లేకుండానే వానలోకి పరుగెత్తి, అక్క ఉండే వైపు వెళ్లే ట్రామెక్కింది. కూర్చున్నాక అసలు భయం మొదలైంది. అతను దాచడం తను కళ్లారా చూసిందా? లేదు. చూసింది తెరమీదే.

"చలేస్తోందా తల్లీ? ఇలా నా శాలువాలోకి రా," పక్కనున్న ముసలమ్మ ఎంతో ప్రేమగా ఆమె భుజం పట్టుకుంది.

అదే మెత్తదనం, ఫుల్వియో గొంతులోది. ఎర్సీలియా భుజం విదిలించుకుంది. ట్రాము ఎక్కడ ఆగిందో కూడా చూడకుండా దిగిపోయింది.