ఫ్యాను వెయ్యని గది

ఆదివారం కంబదూరులో మా చెల్లెలు చంద్రిక పెళ్లి. దానికి ముందు సోమవారం పొద్దునకి చంద్రిక ముహూర్తం చీర మగ్గం మీద ఇంకా మూడు గజాలు మిగిలి ఉంది. శుక్రవారం సాయంత్రానికి కోసి ఇవ్వాలి. ధర్మవరంలో పద్దెనిమిదేళ్లుగా ఎవరెవరి పెళ్లికూతుళ్లకో నేశాను. నా సొంతవాళ్లకు నేయడం ఇదే మొదటిసారి.

సరిగ్గా అదే వారం మా ఆయన కేశవకు ఇంటికి సున్నం వేయించాలని బుద్ధి పుట్టింది. లోపలి గది సామానంతా మగ్గమున్న ముందు గదిలోకి మోశాం. సున్నం వేసే కుళ్ళాయప్ప వచ్చి, లోపలి ఫ్యాను దించి, రెండు గోడలు పూసి, "మిగిలింది రేపన్నా" అని పోయాడు. ఆ రేపు బుధవారానికి కూడా రాలేదు. ఈలోగా అనంతపురం నుంచి ఆడబిడ్డ హేమ ఇద్దరు పిల్లలతో దిగింది. మంగళవారం రాయదుర్గం నుంచి కేశవ పెద్దమ్మ ఓబమ్మత్త వచ్చింది. ఎండాకాలం చుట్టాలు రావడం తప్పు కాదు. అందరూ నా మగ్గం చుట్టూ పడుకుంటుంటే నాకే ఒళ్లు మండిపోయేది.

ముందు గదిలో ఫ్యాను ఉంది గానీ, మగ్గం మీద పట్టు ఉన్నన్నాళ్లు మేం వెయ్యం. అసలే మా ఊరిది పొడిగాలి. దానికి ఫ్యాను తోడైతే పట్టు ఎండిపోయి పోగులు పుటుక్కున తెగుతాయి. మంగళవారం హేమ కొడుకు ఊరుకోక స్విచ్చి నొక్కాడు. మగ్గం గుంతలో కూర్చునే అరిచాను.

"ఎవర్రా ఫ్యానేసింది? ఈ చీర అయ్యేదాకా ఆ స్విచ్చి ముట్టుకున్నోళ్లు మూట కట్టుకోని బస్సెక్కండి!"

అరిచింది పిల్లవాడి మీదే. కానీ అప్పుడే సంచి దించుకుంటున్న ఓబమ్మత్త కూడా విన్నది. గోడవార చాప పరుచుకుని, కొంగుతో విసురుకోవడం మొదలుపెట్టింది. కాఫీ కావాలా అంటే వద్దనేది. నీళ్లు తేవాలా అంటే "ఉండాయి లేమ్మా" అనేది. ఇంత మెత్తని చుట్టం దొరకడం నా అదృష్టం అనుకున్నాను, సిగ్గులేకుండా.

గురువారానికి ఒక్క గజం మిగిలింది. హేమ పిల్లల్ని తీసుకుని పుట్టపర్తి పోయింది. కేశవ కుళ్ళాయప్పను వెతుక్కుంటూ పోయాడు. మూడు గంటలకు వీధిలోకి నీళ్ల ట్యాంకరు వచ్చింది. నాలుగు రోజులకోసారి వచ్చేది, వదులుకుంటే ఇంటినిండా చుట్టాలతో ఏం చేయను? తిట్టుకుంటూ బిందెలతో వరసలో నిలబడ్డాను. మనసంతా మగ్గం మీదే. గంట పట్టింది.

తిరిగొచ్చేసరికి ఓబమ్మత్త చాప మీద పక్కకు ఒరిగిపోయి ఉంది. ఒళ్లు కాలిపోతోంది. మగ్గంలో నేను లేని ఆ గంట కూడా ఆమె ఫ్యాను వేసుకోలేదు.

"అత్తా, ఫ్యానేసుకోకూడదా?"

"నువ్వు వద్దంటివి కదమ్మా," అంది, మాట తడబడుతూ.

స్విచ్చి నేనే వేశాను. అంతసేపు నిలబడి తెచ్చిన నీళ్లు ఆమె తల మీద, కాళ్ల మీద పోశాను. కేశవకు ఫోన్ చేసి పిలిపించి, ఆటోలో ఆసుపత్రికి తీసుకుపోయి, సెలైను పెట్టించి, పొద్దుగూకేసరికి ఇంటికి తెచ్చాం. రెండు రోజులు ఫ్యాను కిందనుంచి కదపొద్దన్నాడు డాక్టరు.

కేశవ నన్ను వాకిట్లోకి పిలిచాడు. "పక్కింట్లో పండబెడదామా? వాళ్లకు కూలరుండాది. నీకు గజమే కదా మిగిలింది."

"మనింటికొచ్చిన మనిషిని చంపబోయినా నేను. ఇప్పుడు చీర కోసరం పక్కింటికి తోసేదా?"

శుక్రవారమంతా ఫ్యాను తిరిగింది. మగ్గం మీద పోగులు తెగి గాలికి ఊగుతుంటే చూడలేక చంద్రికకు ఫోన్ చేశాను.

"చీర కాలేదు చంద్రీ."

"మగ్గం చెడిందా అక్కా?"

అవునంటే సరిపోయేది. "మగ్గం బాగుండాది. నా నోరే బాగలేదు," అని జరిగిందంతా చెప్పాను.

"మరి నేనేం కట్టుకోవల్లక్కా?"

"అంగట్లో కొందాం. పొద్దున్నే తెస్తా." ఆ మాట అనడానికి నాకు చచ్చినంత పనైంది.

ఫోన్ పెట్టేసరికి ఓబమ్మత్త నన్నే చూస్తోంది.

"ఇంక ఫ్యాను ఆపల్లనా సువర్ణా?" అని మెల్లగా అడిగింది.

నాకు ఏడుపు ఆగలేదు. ఆమె పక్కన కూలబడ్డాను. "నన్నొకసారి తిట్టత్తా."

"తిట్టేకి ఓపిక లేదు. ముందు చెంబుడు నీళ్లు తేపో," అని కసిరింది.

వచ్చిననాటి నుంచి ఆమె నన్ను తనకోసం ఏదైనా అడగడం అదే మొదలు. లేచి పరిగెత్తాను.