గవరయ్య మేస్త్రి నన్ను చూడాలా, వద్దా

నేను ఒక నావను. ఇరవై ఆరేళ్ళదాన్ని. ఆడదాని వయసు అడగకూడదంటారు గానీ, నన్ను కొనడానికి వచ్చిన ప్రతివాడూ ముందు అదే అడుగుతాడు. అమ్మేవాడు పదేళ్ళు తగ్గించి చెబుతాడు. నేను ఏమీ ఎరగనట్టు నీళ్ళ మీద ఊగుతూ ఉంటాను. ఇప్పుడిక దాచుకోవలసిందేమీ మిగల్లేదు కాబట్టి మీకు ఉన్నదున్నట్టు చెప్పేస్తాను.

పుట్టింది తాళ్ళరేవులో. అడుగు మద్దిచెక్క, పైభాగం టేకు. పలకకీ పలకకీ మధ్య పీచు కూరి, గుగ్గిలం పట్టించి, పైన తారు పూసి నన్ను ఏటికి అప్పగించారు. నీళ్ళలోకి దింపిన రోజున నా ముక్కుకి పసుపు రాసి, కుంకుమబొట్లు పెట్టి, బంతిపూల దండ వేశారు. అంత అందంగా నేను మళ్ళీ ఎప్పుడూ లేను. ఆ సంగతి నాకు తెలుసు, అయినా ఇరవై ఆరేళ్ళూ ఒప్పుకోలేదు.

మొదటి యజమాని కొబ్బరి వర్తకుడు వర్ధనరావు గారు. ఆయన నన్ను కన్నకూతురిలా చూసుకున్నారని అందరూ అనేవారు. నేను మాత్రం అనను, కూతురి మీద ఎవరూ అన్ని కొబ్బరికాయలు వెయ్యరు. అయితే ఏటేటా ఎండాకాలం నన్ను ఒడ్డుకు లాగించి, ఎండబెట్టి, తారు పూయించేవారు. అందుకు ఆయనకి ఇప్పటికీ దణ్ణం పెడతాను. పదకొండేళ్ళ తర్వాత వంతెన వచ్చింది. ఆయన నన్ను అమ్మేసి లారీ కొన్నారు. లారీకీ పసుపూ కుంకుమా పెట్టారని విన్నాను. మనుషుల ప్రేమకి హద్దుల్లేవు.

రెండో యజమాని నన్ను సినిమావాళ్ళకి అద్దెకిచ్చే మనిషి. నాకు గులాబీ రంగు వేయించాడు. ఒక పాటలో హీరోయిన్ నా అంచున కూర్చుని నీళ్ళలో చెయ్యి ఆడించింది. పాపం ఆ అమ్మాయికి ఈత రాదు. అందుకని నడుముకి తాడు కట్టి, రెండో కొస ఇద్దరు మనుషులు పట్టుకుని నా అడుగున పడుకున్నారు. తెర మీద తాడూ కనపడలేదు, మనుషులూ కనపడలేదు, నేనూ పెద్దగా కనపడలేదు.

మూడోవాడు అబ్బులు. రొయ్యల చెరువులకి మేత బస్తాలు మోయించేవాడు. మంచివాడే గానీ బద్ధకస్తుడు. ఆరేళ్ళు నన్ను ఉప్పు కాలవలో కట్టేసి ఉంచాడు, ఒక్క ఎండాకాలం కూడా ఒడ్డుకి లాగలేదు. అక్కడే నా అడుగుచెక్కకి ఉప్పునీటి పురుగు పట్టింది. ఆ పురుగు మహా మర్యాదస్తురాలు. పైన గుండుసూది మొనంత కన్నం చేసుకుని లోపలికి పోతుంది. పైచెక్క నున్నగానే ఉంటుంది, లోపల మాత్రం సొరంగాలు తవ్వుకుంటూ హాయిగా తింటుంది. నా వెన్నుకర్ర పక్కన మూరెడు మేర అలా పిండైపోయింది. ఆ సంగతి నాకొక్కదానికే తెలుసు. అబ్బులుకి కూడా తెలియదు. అతను నన్ను అమ్మాలనుకుని ఏటి రేవుకి తెచ్చి, గులాబీ మీద నీలం రంగు వేయించి, చవకగా ఇచ్చేస్తానని నలుగురికీ చెప్పాడు.

అలా వచ్చారు లోవరాజు, అతని భార్య తాయారు. ఏటి నడుమ లంకలో వాళ్ళ కాపురం. ఆ లంకకి వంతెన లేదు. జనాన్ని దాటించే పని లోవరాజుది, అంతకు ముందు అతని తండ్రిది. పోయిన శ్రావణంలో వరదకి వాళ్ళ నావ తాడు తెంచుకుని సముద్రం దారి పట్టింది. ఒకటో తారీకుకల్లా ఇంకో నావ దింపకపోతే రేవు మరొకరికి ఇచ్చేస్తామని పంచాయతీవాళ్ళు ఖరాఖండిగా చెప్పారు. ఇంకా ఎనిమిది రోజులుంది. తాయారు ఎండుచేపలమ్మి కూడబెట్టిన డబ్బంతా కలిపితే సరిగ్గా నా అంత నావ వస్తుంది.

లోవరాజు నన్ను పరీక్షించిన తీరు చూడాలి. వాళ్ళ ఇంటి ఆనవాయితీ ప్రకారం ఒక నిమ్మకాయ తెచ్చి నా నడిమధ్యన పెట్టి వదిలాడు. అది వెనక్కి దొర్లితే నావ కలిసొచ్చినట్టట. నా వెనకభాగం ముందునుంచీ బరువు, నిమ్మకాయ అటు కాక ఎటు పోతుంది? అది వెళ్ళి వెనక మూలన కూర్చునేసరికి లోవరాజు కళ్ళు మెరిశాయి.

"ఆయ్, లక్షణమైన నావండి," అన్నాడు అబ్బులు. "మా ఇంటి ఆడపిల్లని మీ చేతుల్లో పెడుతున్నాననుకోండి."

"ఆడపిల్లైతే మావోళ్ళు నాలుగూళ్ళు తిరిగి పదిమందిని వాకబు చేత్తారు అబ్బులు గారూ," అంది తాయారు. "దీని సంగతి ఎవర్ని అడగాలో చెప్పండి."

అబ్బులు నవ్వేశాడు. తాయారు నవ్వలేదు. మొగుడి వైపు తిరిగి, తాళ్ళరేవు గవరయ్య మేస్త్రిని పిలిపిద్దామంది. నావలు చూసి మంచిచెడ్డలు చెప్పడంలో ఆయన పేరుమోసినవాడు. మూడు వేలు తీసుకుంటాడు, దారి ఖర్చులు వేరే.

"మూడు వేలా!" లోవరాజు గొంతు అవతలి గట్టుకి వినపడి ఉంటుంది. "చెయ్యడానికి కాదు, బాగు చెయ్యడానికీ కాదు, వట్టినే చూడ్డానికి! కొనేదే చవక నావ. దీనికి మళ్ళీ పెళ్ళిచూపులా?"

ఆ క్షణాన లోవరాజు నాకెంత ముద్దొచ్చాడో చెప్పలేను. తాయారంటే ఒళ్ళు మండింది. ఎందుకంటే ఇటుకబట్టీవాడు అప్పటికే రెండుసార్లు వచ్చి, నా వంక చూసి, ఎన్ని బళ్ళ కట్టెలవుతానో అబ్బులుని అడిగి వెళ్ళాడు. మేస్త్రి వస్తే నా బతుకు బట్టీలోకే. రాకపోతే ఇంకో వర్షాకాలమైనా ఏటి మీద ఉంటాను. నాకు ఏరంటే ప్రాణం. అందుకని లోవరాజే గెలవాలని మొక్కుకున్నాను.

వాళ్ళిద్దరూ రేవు మెట్ల మీద కూర్చుని తెచ్చుకున్న చద్దన్నం తింటూ వాదించుకున్నారు.

"మా తాత నావలోనే పుట్టాడే. మా నాన్న చుక్కాని పట్టుకునే పోయాడు. నేను నావ చూడ్డానికి మేస్త్రిని పిలిచానంటే రేవులో తలెత్తుకోగలనా?"

"నావ దింపే రోజున దండకీ, డప్పులకీ, కోళ్ళకీ, రేవోళ్ళ భోజనాలకీ ఐదు వేలు పక్కన పెట్టావు మావా. అది తగ్గించు."

"అది శుభకార్యమే! దాన్ని తగ్గిత్తారా ఎక్కడైనా?"

ఇది నాకు బాగా అలవాటైన సంగతే. నా నుదుట బొట్టు పెట్టడానికి మనుషులు ఎప్పుడూ వెనకాడలేదు. నా అడుగు చూడమంటేనే వాళ్ళకి చేతులు రావు.

తాయారు చెయ్యి కడుక్కుని గిన్నె మూత పెట్టింది. నేను గెలిచాననుకున్నాను. అప్పుడామె మెల్లిగా అడిగింది.

"సరే మావా, మేస్త్రి వద్దు. ఒకటో తారీకు పొద్దున్న మొదటి తడవకి ఎవరెవరెక్కుతారో చెప్పు."

లోవరాజు హుషారుగా వేళ్ళు ముడిచాడు. "పాలకేన్లతో సత్తిబాబు. అంగన్‌వాడీ టీచరమ్మ. కూలికెళ్ళే ఆడోళ్ళు ఓ పన్నెండు మంది. తపాలా ఆయన. ఆరోజు ఆస్పత్రికెళ్ళాలి కదా, మన ధనం..."

ధనం అతని చెల్లెలు. ఎనిమిదో నెల. అతని వేలు సగం ముడిచినది ముడిచినట్టే ఆగిపోయింది. ఏటివైపు చూశాడు. ఎగువన వానలు పడి, ఎర్రనీళ్ళు సుళ్ళు తిరుగుతూ పోతున్నాయి.

"దానికి ఈత రాదు కదే," అన్నాడు.

లోవరాజు లేచి, చెయ్యి పంచెకి తుడుచుకుని, ఫోను తీశాడు. "మేస్త్రి గారండీ, నేనండీ, లంక రేవు లోవరాజునండీ. తమరోసారి రావాలండీ." డప్పులవాళ్ళకి వద్దని చెప్పడానికి ఆ వెంటనే ఇంకో ఫోను చేశాడు. నేను కట్టుకొయ్య దగ్గర కుమిలిపోయాను.

గవరయ్య మేస్త్రి మర్నాడు వచ్చాడు. పురికొసతో చెవికి కట్టుకున్న కళ్ళజోడు, సంచిలో ఒక చిన్న కొయ్యసుత్తి, ఒక పొడుగాటి దబ్బనం, ఒక సుద్దముక్క. మూడు వేల పనిముట్లు అవే. నీళ్ళలో ఉన్న నన్ను ఆయన కన్నెత్తి చూడలేదు. "నీళ్ళలో ఉన్నప్పుడు ప్రతి నావా పతివ్రతే. చెక్క ఉబ్బి కన్నాలన్నీ మూసుకుపోతాయి. ఒడ్డుకి లాగండి, మూడు రోజులు ఎండనివ్వండి," అని చెప్పి మేనల్లుడి ఇంటికి వెళ్ళిపోయాడు.

మూడు రోజులు ఎండాను. నాలుగో రోజు ఆయన వచ్చి నన్ను దుంగల మీదకి ఎత్తించి, లోపల నీళ్ళు పొయ్యమన్నాడు. రేవంతా నవ్వింది. నావని నీళ్ళలో వెయ్యడం చూశారు గానీ నావలో నీళ్ళు పొయ్యడం వాళ్ళకి కొత్త. నలభై బిందెలు పోశారు. మేస్త్రి నా కిందకి దూరి వెల్లకిలా పడుకుని చూశాడు. నేను ఊపిరి బిగబట్టాను. ఒక్క చుక్క కూడా కారలేదు.

అబ్బులు మీసం దువ్వుకున్నాడు. లోవరాజు భార్యవైపు చూసి, "చూసావా, మూడు వేలూ ఏట్లో పోసినట్టే," అన్నాడు.

"ఇంకా అవలేదు," అంది నా కింద నుంచి మేస్త్రి గొంతు.

నీళ్ళు తోడించి, ముక్కు దగ్గర మొదలుపెట్టి జానెడు జానెడుకీ సుత్తితో కొడుతూ, చెవి ఆనించి వింటూ వచ్చాడు. టక్, టక్, టక్. అన్నీ మంచి చప్పుళ్ళే. పురుగు తిన్న చోటు దగ్గరికి వచ్చాడు. ఫొటో తీసేటప్పుడు పొట్ట లోపలికి పీల్చుకుంటారు చూడండి, అలా బిగుసుకున్నాను. ఆయన కొట్టాడు. నేను "టక్" అన్నాను. ఆయన ఇంకో జానెడు ముందుకి జరిగాడు.

బయటపడ్డాను. ఇక నన్ను ఎవరూ ఆపలేరు. ఏరు నాది, రేవు నాది, ఇంకో వర్షాకాలం నాది. సంతోషంతో కళ్ళు మూసుకోబోయాను. సరిగ్గా అప్పుడే, ఎందుకో తెలియదు, ఆ సినిమా అమ్మాయి గుర్తొచ్చింది. తెడ్డు కూడా కదలని పాటకి, మోకాలిలోతు నీళ్ళలో ఆమె నడుముకి తాడు కట్టారు. ఇద్దరు మనుషులు దాన్ని వదలకుండా పట్టుకున్నారు. ఈ ఎర్రనీళ్ళలో ధనం నడుముకి తాడు ఎవరు కడతారు? రెండో కొస పట్టుకోవలసినదాన్ని నేనే కదా.

సిగ్గుతో చచ్చిపోయాను. బిగబట్టిన ఊపిరి వదిలేశాను. మేస్త్రికి ఏమనిపించిందో, వెళ్ళినవాడు వెనక్కి వచ్చి అక్కడే మళ్ళీ ఒకసారి కొట్టాడు. ఈసారి "బొద్" అన్నాను. దాచుకోకుండా, నోరారా చెప్పాను.

ఆయన దబ్బనం గుచ్చాడు. అది పిడి దాకా దిగిపోయింది. బయటికి లాగితే వెంట తడిపిండీ, మెత్తటి తెల్ల పురుగూ వచ్చాయి.

"పైచెక్క బంగారం. అడుగు పిండి," అన్నాడు మేస్త్రి కిందనుంచి బయటికొచ్చి. "వరదనీళ్ళలో బరువుతో దింపితే నడి ఏట్లో ఈ మూరెడూ ఊడొత్తాది. ఎన్నో తడవలో అన్నది నేను చెప్పలేను. మొదటిదే కావచ్చు."

అబ్బులు ఇసుకలో కూలబడ్డాడు. "నిజంగా నాకు తెలీదండి. నేను రోజూ దీంట్లోనే తిరిగానండి," అన్నాడు. కాసేపటికి తేరుకుని, "మేస్త్రి గారండీ, నా తమ్ముడి నావ కూడా ఇక్కడే ఒడ్డు మీదుందండి. వచ్చారు కదా, అదీ చూత్తారేంటండి?" అని అడిగాడు. మూడు వేలకి బేరమాడలేదు.

లోవరాజు నా దగ్గరికి వచ్చి దబ్బనం దిగినచోట వేలుపెట్టి చూశాడు. మూడు తరాల ఏటి మనిషి. అతని కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అవి చెల్లెలి కోసమో, పోయిన పరువు కోసమో, నా కోసమో నాకు తెలియదు. మూడింటికీ అని సరిపెట్టుకున్నాను.

"అడుగు మారిత్తేనో?" అన్నాడు.

"కొత్త నావ ఖరీదవుద్ది. నా దొడ్లో చిన్నదొకటుంది. దీంట్లో సగం ఉంటాది. పోయినేడు అడుగు నేనే వేశాను. తీసుకుపో."

"సగమంటే రెండు తడవలు తిప్పాలి."

"తిప్పుదువు గాని," అంది తాయారు. "చేతులున్నాయి కదా మావా."

వెళ్ళేముందు మేస్త్రి పనికొచ్చే చెక్కల మీద సుద్దతో గీతలు పెట్టి, వాటిని తన దొడ్డికి పంపమని అబ్బులుకి చెప్పాడు. గీత లేని భాగం ఇటుకబట్టీకి. నా ఒంట్లో సగానికి పైగా గీతలున్నాయి. ఈ వయసులో అది తక్కువ మర్యాదేమీ కాదు.

ఒకటో తారీకు పొద్దున్నకి నన్నింకా ఎత్తుకుపోలేదు. రేవు పక్కన దుంగల మీద వంగి పడి ఉన్నాను. ఆ చిన్న నావకి దండ వేశారు. మూతి కాస్త వంకర దానికి, పైగా ఎక్కుతుంటే ఊగిపోతుంది. ఒప్పుకోను గానీ, అసూయతో కుళ్ళిపోయాను. డప్పుల్లేవు, కోళ్ళు లేవు. జనం మాత్రం లంక నుంచి రెండు తడవలుగా బిలబిలమంటూ వచ్చి ఈ ఒడ్డున దిగారు. సంతకి, ఆస్పత్రికి, పనికి పోయి, సాయంత్రం ఇంటికి తిరిగి వెళ్ళడానికి మళ్ళీ అదే రేవుకి చేరారు. అప్పటికి గాలి లేచింది. నీళ్ళు ఇంకా ఎర్రగానే ఉన్నాయి.

లోవరాజు మొదటి తడవ తొమ్మిదిమందిని ఎక్కించుకుని కదిలాడు. నన్ను దాటుతూ ఒక్క చూపైనా చూస్తాడేమో అనుకున్నాను. చూడలేదు, అతని చూపంతా నీళ్ళ మీదే ఉంది. వాళ్ళని దింపి, చెమటలు కక్కుతూ తిరిగొచ్చి, మిగిలిన పదిమందినీ ఎక్కించుకున్నాడు, ధనం కూడా వాళ్ళలోనే ఉంది. నడి ఏట్లో ఒక పెద్ద సుడి ఆ నావని అడ్డంగా తిప్పేసింది. కేకలు వినపడ్డాయి. అతను తెడ్డు వేసి ముక్కు నిలబెట్టాడు. నావ మెల్లగా లంకకి ఆనింది.

ఇరవై ఆరేళ్ళు మనుషుల్నీ, బస్తాల్నీ మోశాను గానీ ఎక్కినవాళ్ళని ఏనాడూ లెక్కపెట్టలేదు. ఆరోజు ఒడ్డు మీద పడి లెక్కపెట్టాను. పంతొమ్మిదిమంది ఎక్కారు. పంతొమ్మిదిమందీ దిగారు.