దించని బోర్డు

అతని భార్యను ఆమె సొంత తమ్ముడే చంపాడు. ఇందులో వాదనకు చోటు లేదు.

కత్తితో కాదు, విషంతో కాదు. రేవు గేటు దగ్గర ఒక బోర్డు పట్టుకుని నిలబడి చంపాడు. డాక్టర్లు గుండె అన్నారు. వాళ్ళు ఏదో ఒకటి అనాలి కదా, లేకపోతే అంత చదువు దేనికి? చుట్టాలు రాత అన్నారు. రాత అనడానికి నోటికి శ్రమేముంది? అతను మాత్రం ఏడాదిగా ఒక్కటే మాట అంటున్నాడు. కారు ఉండి కూడా వాడు రాలేదు.

రేవులో అందరూ అతన్ని గడియారం అంటారు. ఆ పేరు పెట్టింది గేటు బయట టీ కొట్టు నడిపే ఆవిడ. విహార ఓడలు వచ్చిన రోజున, దిగే ప్రయాణికులకు కార్లు ఏర్పాటు చేయడం అతని పని. ఓడ దిగినవాళ్ళు నగరానికి పోవాలి. కొందరు అక్కడ విమానం ఎక్కుతారు, కొందరు హోటల్లో దిగుతారు. మధ్యలో అంతా కొండ దారి. ఏ కుటుంబానికి ఏ కారో గడియారం చెబుతాడు, డ్రైవర్లు పోతారు. ఎదురు చెప్పినవాడు మళ్ళీ ఆ గేటు దగ్గర కనిపించడు.

అతని దగ్గర ఒక్కటే చట్టం. డ్రైవరు గెస్టు పేరున్న బోర్డు ఎత్తి పట్టుకుని గేటు బయట నిలబడాలి. ఎత్తిన బోర్డు గెస్టు వచ్చేదాకా దించకూడదు. ఎండైనా, వానైనా, ఒంట్లో బాగాలేకపోయినా. ఊరికే పెట్టిన చట్టం కాదు. గేటు చుట్టూ కిరాయి కార్లవాళ్ళు గద్దల్లా తిరుగుతుంటారు. తన పేరు కనపడక గెస్టు దిక్కులు చూశాడా, "మీ కారు రాలేదండీ, మా దాంట్లో రండి" అంటూ పెట్టె లాక్కుంటారు. ఒకసారి ఒక డ్రైవరు టీ తాగుదామని బోర్డు దించాడు. అతని గెస్టులు గద్దల పాలై, విమానం తప్పిపోయి, విమానాశ్రయంలో కూర్చుని ఏడ్చారు. ఆ తర్వాత పుట్టింది చట్టం.

"బోర్డు ఎత్తాక బండి నీది కాదురా. వాళ్ళది" అనేవాడు గడియారం.

చట్టం వచ్చిన కొత్తలో, పొడుగు అని పిలిచే డ్రైవరుకు ఫోనొచ్చింది. కూతురు బడిలో పడి చెయ్యి విరగ్గొట్టుకుంది. అతను బోర్డు దించి కారేసుకుని పరిగెత్తాడు. మర్నాడు గడియారం అతన్ని అందరి ముందూ గేటు నుంచి వెళ్ళగొట్టాడు. ఆ సాయంత్రం వడ్డిస్తూ భార్య అంది.

"రాయికైనా చెమట పడుతుందంటారు. మీకు పట్టదా?"

"నీ తమ్ముడైనా ఇంతే" అన్నాడు.

ఆమె గరిటె గిన్నెలో పడేసి లోపలికి పోయింది.

ఆమె పోయిన రోజు సంగతి అతనికి తెలిసినంతవరకు ఇది. పెద్ద ఓడ వచ్చింది. ఒక్కటి తప్ప తన కార్లన్నీ గెస్టులతో నగరానికి పంపేశాడు. గద్దల కార్లు కూడా కిరాయిలకు పోయాయి. ఒక గుంపుతో పాటు తనూ వ్యాను ముందు సీట్లో కూర్చుని కొండెక్కాడు. కొండ మీద ఫోన్లు పలకవు. ఇక్కడ ఇంట్లో ఆమెకు గుండెల్లో నొప్పి వచ్చింది. కూతురు ఊరి ఆస్పత్రికి చేర్చింది. ఇక్కడ లాభం లేదు, నగరానికి తీసుకెళ్ళండి అన్నాడు డాక్టరు. ఉన్న ఒక్క అంబులెన్సు అప్పటికే ఇంకెవరినో ఎక్కించుకుని పోయింది. ఊరు మొత్తానికి మిగిలిన కారు ఆమె తమ్ముడిది. అది రేవు గేటు దగ్గర ఉంది, ఆస్పత్రి నుంచి పిలిస్తే పలికేంత దూరంలో. వాడు బోర్డు పట్టుకుని నిలబడ్డాడు. ఎవరి కోసం నిలబడ్డాడో ఆ ఇద్దరు గెస్టులు ఓడ దిగనే లేదు. ఒంట్లో బాగాలేదని అదే ఓడలో ముందుకు పోయారట. వాళ్ళు రారని తేలాక వాడు వచ్చాడు. అక్కను ఎక్కించుకున్నాడు. కొండ సగం ఎక్కేసరికి వెనక సీట్లో ఆమె పోయింది.

"ఎందుకు ఆలస్యమైందిరా?" అని అడిగాడు గడియారం.

"గెస్టుల కోసం ఆగాను బావా."

అంతే. ఇంకో ముక్క చెప్పలేదు. తల్లి లేని పిల్లాడని ఆమె చంకనేసుకుని పెంచింది. పాముకు పాలు పోసిందని అప్పుడు తేలింది. శవాన్ని చూడ్డానికి కూడా అతను వాణ్ణి గడప తొక్కనివ్వలేదు. గేటు దగ్గర వాడికి పని ఇవ్వలేదు. దారిలో ఎదురైతే ఉమ్మి పక్కకు పోయేవాడు.

మళ్ళీ అంత పెద్ద ఓడ వచ్చిన రోజున కొండ మీద మంచు కమ్మేసింది. తెల్లారకముందే నగరానికి పోయిన కొన్ని కార్లు అక్కడే ఇరుక్కుపోయాయి. ఇంటి ముందు గదిలో కూర్చుని ఫోన్లు చూసుకునేది ఇప్పుడు కూతురే. ఒక కారు తక్కువైంది. తండ్రికి చెప్పకుండా మావయ్యకు ఫోన్ చేసింది.

గడియారం గేటు దగ్గరికి వచ్చేసరికి టీ కొట్టావిడ గ్లాసు అందించింది.

"ఏం అన్నయ్యా, ఇవాళ గడియారం కాస్త వెనక నడుస్తోంది?"

"నీ టీ తాగితే గడియారమేంటి, ఓడ కూడా నడవదు."

"తాగకముందే మొహం అంత చేదుగా ఉందిగా. అందుకే చక్కెర ఎక్కువేశాను. అటు మాత్రం చూడకు. తాగాక చూడు."

చూడొద్దంటే చూడనివాడెవడు? అతను చూశాడు. డ్రైవర్ల వరసలో చివర, బోర్డు పైకెత్తి, బావమరిది నిలబడి ఉన్నాడు. మనిషి చిక్కిపోయాడు. చొక్కా భుజాలు జారిపోతున్నాయి.

గ్లాసు బల్ల మీద పెట్టి నేరుగా వెళ్ళాడు.

"ఎవరు రమ్మన్నారు నిన్ను?"

"అమ్మాయి ఫోన్ చేసింది బావా."

"దించు. పో."

వాడు కదల్లేదు. బోర్డు వంకే చూస్తూ, "ఎత్తేశాను బావా. దించకూడదుగా" అన్నాడు. వెటకారం లేదు ఆ గొంతులో. అదే ఎక్కువ మండించింది.

బోర్డు లాక్కుని తనే పట్టుకోవచ్చు. కానీ కారేదీ? గద్దలకు తప్ప ఊళ్ళో ఇంకెవరికీ కారు లేదు. ఆ బోర్డు మీద పేరున్న ముసలి దంపతులు మధ్యాహ్నం విమానం ఎక్కాలి. తను పోదామంటే, ఏడాదిగా ఆఖరి గెస్టు ఎక్కనిదే అతను గేటు వదలడం లేదు. తన చట్టం తన కాలికే చుట్టుకుంది. పక్కనే నిలబడ్డాడు.

లోపల్నుంచి రంగు రంగుల చీటీలు కట్టిన పెట్టెలతో జనం వస్తున్నారు. ఒక్కొక్క బోర్డే దిగుతోంది, ఒక్కొక్క కారే పోతోంది. వరస కరిగి కరిగి చివరికి ఇద్దరే మిగిలారు. గద్దల్లో ఒకడు పుల్లతో పళ్ళు కుట్టుకుంటూ వచ్చాడు.

"ఏం గడియారంగారూ, బావా బావమరుదులు జంటగా నిలబడ్డారు? పెళ్ళివారికి ఎదురొచ్చారా?"

"నీ పెళ్ళికేరా. పెళ్ళికూతురు నీ మొహం చూసి మళ్ళీ ఓడెక్కేసిందట."

వాడు నవ్వుతూ పోయాడు. మళ్ళీ ఇద్దరే. సముద్రం మీంచి ఉప్పు గాలి కొడుతోంది. బావమరిది చెయ్యి మార్చుకున్నాడు. బోర్డు మాత్రం దిగలేదు.

"బావా, ఒక్క మాట."

గడియారం ఓడ వైపు తిరిగాడు.

"అక్క గది ఒక్కసారి చూడనివ్వు. ఏమీ ముట్టుకోను. చూసి వచ్చేస్తాను."

"ఏ మొహం పెట్టుకుని అడుగుతున్నావురా?" గొంతు పెంచలేదు. పెంచే అలవాటు లేదు. "ఈ బోర్డు కోసమేగా అక్కను వదిలేశావు. పట్టుకో. గట్టిగా పట్టుకో. జారిపోతుందేమో చూసుకో."

వాడు రెండో చెయ్యి కూడా బోర్డుకు వేశాడు.  తర్వాత చాలా మెల్లిగా అన్నాడు.

"దించాను బావా."

"ఏంటి?"

"ఆ రోజు దించాను. అమ్మాయి ఫోన్ చేసి ఇలా ఉంది మావయ్యా అనగానే బోర్డు చంకలో పెట్టుకుని కారెక్కాను. తాళం తిప్పాను. అప్పుడు అక్క ఫోన్ లాక్కుంది. ఎక్కడున్నావురా అంది. బయల్దేరానక్కా అన్నాను. దిగు, ముందు ఆ బోర్డు ఎత్తు అంది."

గడియారం వాడి వైపు తిరిగాడు.

"అమ్మాయి ఊరికే కంగారు పడుతోంది, నాకేం లేదు, కాస్త వాయువు పట్టేసింది అంది. నవ్వింది కూడా బావా. నువ్వు బోర్డు దించితే మీ బావ పొడుగును పంపినట్టే నిన్నూ పంపేస్తాడు, తమ్ముడని చూడడు, ఆ మాట నా మొహం మీదే చెప్పాడు అంది. కారు కొని ఎన్నాళ్ళైందిరా, పిల్లలకేం పెడతావు అంది. వాళ్ళను ఎక్కించుకునే రా, దారిలో నన్నూ ఎక్కించుకుందువుగాని అంది. అక్క మాట నేనెప్పుడు కాదన్నాను? దిగి ఎత్తాను."

"అబద్ధం."

"సరే బావా."

"చచ్చిన మనిషి లేచొచ్చి కాదనదని ధైర్యం నీకు. నిజమైతే ఏడాది నుంచీ నోట్లో ఏం పెట్టుకున్నావు?"

"చచ్చిపోయినదాని మీద నింద వెయ్యమంటావా?" వాడి కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి, కానీ బోర్డు నిటారుగానే ఉంది. "చెబితే నీకు అక్క మీద కోపం వస్తుంది. నా మీద వస్తే నాకేం, బతికే ఉన్నాను, పడతాను. ఇవాళ కూడా చెప్పేవాణ్ణి కాదు. వదిలేశావు అన్నావు చూడు, అది పడలేకపోయాను."

అప్పుడే గేటులోంచి ముసలి దంపతులు వచ్చారు. ముసలావిడ నవ్వాపుకోలేకపోతోంది. ముసలాయన కట్టుడు పళ్ళు కనపడక ఓడ గదంతా వెతికారట. చివరికి చూస్తే ఆయన కోటు జేబులోనే ఉన్నాయట. సంజ్ఞలతో ఆ కథంతా చెప్పి, ఆలస్యమైనందుకు చేతులు జోడించింది. బావమరిది మొహం తుడుచుకుని నవ్వాడు. పెట్టెలు ఎత్తాడు. ముసలాయనకు చెయ్యి ఆసరా ఇచ్చి ఎక్కించాడు. ఆవిడ వైపు తలుపు వేసే ముందు మెడ చుట్టూ పమిటలా వేసుకున్న పొడుగు గుడ్డ తలుపులో పడకుండా లోపలికి సర్దాడు. అక్క దగ్గర నేర్చిన పనే అది. ఎవర్ని ఎక్కించినా ఆమె అలాగే చూసేది.

కారు మంచు విడుతున్న కొండ దారి పట్టింది. గడియారం టీ కొట్టు వైపు చూడకుండా ఇంటికి నడిచాడు.

ముందు గదిలో కూతురు ఫోన్లో ఎవరికో కారు రంగు చెబుతోంది. అతను ఎదురుగా నిలబడ్డాడు. ఆమె ఫోన్ పెట్టేసింది. మావయ్యను పిలిచినందుకు తిట్లు పడతాయనుకుని మొహం గట్టి చేసుకుంది.

"ఆ రోజు మీ అమ్మ నీ చేతిలో ఫోన్ లాక్కుందా?"

ఆమె మొహంలో గట్టిదనమంతా ఒక్కసారిగా పోయింది.

"లాక్కుంది."

"ఏమంది?"

"బోర్డు ఎత్తమంది." మోగుతున్న ఫోన్ కట్ చేసింది. "మావయ్యతో నవ్వుతూ మాట్లాడింది. ఫోన్ నా చేతిలో పెట్టి గోడకు ఆనుకుపోయింది. నేను మళ్ళీ చేస్తానంటే నా చెయ్యి పట్టుకుంది నాన్నా. వాడి పొట్ట కొట్టకే అంది. నొప్పి బాగా పెరిగాక, అమ్మ పట్టు వదిలాక, అప్పుడు చేశాను. అప్పటికి వాళ్ళు రారని మావయ్యకు కూడా తెలిసిపోయింది."

"ఇన్నాళ్ళూ నోట్లో బెల్లంగడ్డ పెట్టుకున్నావా?"

"నువ్వు అడిగావా?" ఆమె లేచి నిలబడింది. "ఒక్కసారైనా అడిగావా నాన్నా? నువ్వు చెప్పావు. మేం విన్నాం. ఈ ఇంట్లో ఎప్పుడూ అంతేగా."

అతను ఏదో అనబోయాడు.  భార్య గరిటె గిన్నెలో పడేసిన చప్పుడు చెవిలో మోగింది. ఇన్నాళ్ళూ అది మామూలు అలక అనుకున్నాడు. ఆమె ఆ మాటను దాచుకుందని, అవసరం వచ్చినప్పుడు తీసి వాడుకుంటుందని అనుకోలేదు.

బోర్డుల బీరువా పక్కన స్టూలు మీద కూర్చుండిపోయాడు. కూతురు నీళ్ళు తెచ్చి పెట్టింది. నీళ్ళు అలాగే ఉన్నాయి. ఫోన్లు మోగుతూనే ఉన్నాయి. ఆమె ఒకదాని తర్వాత ఒకటి ఎత్తి మాట్లాడుతూనే ఉంది.

పొద్దు వాలుతుండగా ఇంటి ముందు కారు ఆగింది. బావమరిది దిగి, గడపకు దూరంగా, మెట్ల కింద నిలబడ్డాడు. చేతిలో బోర్డు.

"విమానం అందింది బావా. బోర్డు ఇచ్చి పోదామని."

అతను లేచి వెళ్ళి బోర్డు తీసుకున్నాడు. పేరు అలాగే ఉంది. చెయ్యి పట్టిన చోట మాత్రం చెమటకు మరకైంది. దాన్ని చంకలో పెట్టుకుని, గుమ్మం వదిలి పక్కకు తప్పుకున్నాడు.

"వెనక గది. లైటు తలుపు పక్కనే ఉంది, తెలుసుగా."

వాడు నమ్మలేనట్టు చూశాడు. కూతురు లోపల్నుంచి, "రా మావయ్యా" అంది. వాడు తలవంచుకుని అతని పక్కనుంచి లోపలికి పోయాడు.

గడియారం బయట మెట్టు మీద కూర్చున్నాడు. లోపలికి పోలేదు. ముందు లైటు స్విచ్చి చప్పుడు వినిపించింది.  తర్వాత మగవాడు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని ఏడ్చే చప్పుడు. అతను రోడ్డు వైపు చూస్తూ కూర్చున్నాడు.

వాడు బయటికి వచ్చి మెట్టు దగ్గర ఆగాడు. వెనకే కూతురు.

"బావా, నువ్వు ఆ రోజు..."

"ఆపు."

వాడు ఆగాడు.

"ఎల్లుండి ఓడ ఉంది. పొద్దున్నే గేటు దగ్గర ఉండు. పొడుగు ఎక్కడున్నాడో కనుక్కుని వాణ్ణి కూడా రమ్మను."

"అలాగే బావా. కానీ అక్క..."

"ఆపమన్నానా?" అతను వాళ్ళిద్దరి వైపూ చూడలేదు. "ఆ రోజు మాట నా దగ్గర ఇంకెప్పుడూ తేకండి. నువ్వు తేవద్దు. అమ్మాయీ తేవద్దు. తప్పు నాదని గానీ, నాది కాదని గానీ, ఓదార్చడానికి గానీ, తిట్టడానికి గానీ తేవద్దు. నేను ఏడాదిపాటు మాట్లాడాను. చాలు. ఇక నేను మాట్లాడను."

బోర్డు మీద పేరు తడిగుడ్డతో తుడిచి బీరువాలో పెట్టాడు. ఆ తర్వాత, ఎవరెన్ని విధాల అడిగినా, ఆ రోజు గురించి మాట్లాడలేదు.