పిట్ట గొంతు

చెప్పుల దుకాణంలో పనిచేసే ఆ అమ్మాయిని ఇంట్లో అందరూ పిట్ట అనేవాళ్లు. మనిషి బక్కపలచన, నోరు మాత్రం గంపెడు. ఆమె అన్నయ్య కళ్లజోళ్లు బాగుచేసేవాడు. ఆ పని పొట్టకోసం. ప్రాణమంతా గదిలోని పాత కంప్యూటర్‌లో ఉండేది. మాటలు రాయడం, బాణీ కట్టడం, డ్రమ్సూ గిటారూ మౌసుతోనే వాయించడం అన్నీ అతనే. పాడటం పిట్ట.

ఇద్దరికీ సెలవు మంగళవారం. ఆ మధ్యాహ్నం బట్టల బీరువా తలుపులు బార్లా తెరిచి, వేలాడే కోట్ల మధ్య మైకు కట్టేవారు. గొంతు గోడలకు తగిలి మోగకుండా నెత్తిన దుప్పటి కప్పుకుని పాడేది పిట్ట. ఫ్యాను ఆపాలి కాబట్టి చెమటలు ధారగా కారేవి. పై అంతస్తులో ఎవరైనా కుర్చీ లాగారా, మళ్లీ మొదటికి.

"నన్ను ఉడకబెట్టి పాట పిండుతున్నావు అన్నయ్యా!"

"ఇంకొక్కసారి. మా తల్లివి కదూ."

ఆ ఒక్కసారి పదిహేనుసార్లయ్యేది.

అలా నాలుగేళ్లలో తొమ్మిది పాటలయ్యాయి. తొమ్మిదోది వాన వెలిసిన వీధి మీద. దాన్ని అన్నయ్య ఒక పాటల కంపెనీకి పంపాడు. వాళ్లు పిలిపించి, బాణీ నచ్చింది, గొంతు మాత్రం వేరేవాళ్లది పెడతామన్నారు. అతను కాదనలేకపోయాడు. ఇంటికి రాగానే "ఏమన్నారు, ఏమన్నారు?" అని పిట్ట ఎదురొస్తే, "చూద్దామన్నారు" అనేసి చేతులు కడుక్కోవడానికి వెళ్లిపోయాడు.

మూడు నెలల తర్వాత పిట్ట దుకాణంలో ఒక పెద్దాయన కాలికి బూటు తొడుగుతుండగా పైనున్న స్పీకర్లో ఆ పాట మొదలైంది. అన్నయ్య చెప్పకుండా ఆశ్చర్యపరుద్దామనుకున్నాడు కాబోలు అని మురిసిపోయింది. అంతలో గొంతు వచ్చింది. తనది కాదు. తీయటి, నున్నటి గొంతు. కానీ 'వాన వెలిసిన'కీ 'వీధి'కీ మధ్య చిన్న ఊపిరి వినబడింది. అది బాణీలో లేదు. దుప్పటి కింద గాలాడక పిట్ట తీసుకున్న ఊపిరి అది. ఆ గాయని తన గొంతు వినే నేర్చుకుందన్నమాట. తప్పుతో సహా నేర్చుకుంది.

"అమ్మాయ్, కాలు నొక్కేస్తోంది" అన్నాడు పెద్దాయన. లేసు ఎంత గట్టిగా లాగిందో అప్పుడు చూసుకుంది.

సాయంత్రం ఇంటికి వెళ్లేసరికి అన్నయ్య కంప్యూటర్ ముందున్నాడు.

"పాట విన్నాను."

అతను మౌసు వదిలేశాడు. "చెబుదామనే అనుకున్నానే. రోజూ అనుకున్నా."

"రోజూ ఒకే బల్ల దగ్గర కూర్చుని తిన్నాం కదా."

"వద్దంటే పాటే పోయేది."

"నేను వద్దనేదాన్నా? ఇచ్చెయ్ అన్నయ్యా అని నేనే అనేదాన్ని. ఆ మాట నన్ను అననివ్వలేదు నువ్వు."

అమ్మ తినడానికి పిలిస్తే ఆకలి లేదంది పిట్ట.

తర్వాతి మంగళవారం అన్నయ్య మైకు కట్టి పిలిచాడు. పనుందంది. ఆ పై వారం ఆమే మనసు కూడదీసుకుని వెళ్లి దుప్పటి కప్పుకుంది. కానీ పాడుతున్నంతసేపూ అవతల ఎవరో కూర్చుని నేర్చుకుంటున్నట్టే అనిపించింది. రెండు పాదాలకే ఆపేసి దుప్పటి తీసేసింది.

"వద్దులే" అన్నారు ఇద్దరూ ఒకేసారి.

పాట ఊరంతా మోగింది. పిన్ని ఫోన్ చేసి, "మీ అన్నయ్య పాట భలేగుందే!" అంది.

"వాడు బాణీ చాలా బాగా కడతాడు పిన్నీ" అంది పిట్ట. ఎత్తిపొడుపు కాదు, నిజంగానే అంది.

ఆ ఏడాది చివర్లో పిట్ట వేరే ఊళ్లోని పెద్ద దుకాణానికి పని మారింది. బస్సు దాకా అన్నయ్య సంచీ మోసుకొచ్చాడు. ఆమె కిటికీ పక్కన కూర్చున్నాక జేబులోంచి పెన్‌డ్రైవ్ తీసి అందించాడు.

"తొమ్మిదీ ఉన్నాయి. నీ గొంతుతోనే."

"కంప్యూటర్ కొనుక్కున్నాక వింటా."

ఆమె కొనుక్కోదని ఇద్దరికీ తెలుసు. బస్సు కదిలేదాకా అతను కిటికీ కిందే నిలబడ్డాడు. ఇద్దరూ ఎండల గురించి మాట్లాడుకున్నారు.