తెడ్ల వంతు

చేప కోసం దేవుణ్ణి అడగవచ్చా అన్న సందేహం నాకు చాలా ఏళ్లుగా ఉంది. ఆరోగ్యం కోసం అడుగుతాం, వాన కోసం అడుగుతాం. మా సంఘంలో బుధవారం ప్రార్థనకు వచ్చేవాళ్లు ట్రాక్టరు బాగుపడాలని కూడా అడుగుతారు, ఎవరూ నవ్వరు. కానీ చేప? అదీ తినడానికి కాదు. పెద్ద బ్రౌన్ ట్రౌట్ చేపను మా నదిమీద ఎవరూ ఇంటికి తీసుకుపోరు. పట్టుకుని, కళ్లారా చూసుకుని, ఫొటో తీసుకుని నీళ్లలోకి వదిలేస్తారు. వదిలేసేదాని కోసం ప్రభువును విసిగించడం ఏం మర్యాద? ఒకసారి పాస్టరుగారినే అడిగాను. ఆయన చాలాసేపు ఆలోచించి, "ఎంత పెద్దది?" అన్నారు. ఆయనకూ పడవ ఉంది మరి.

అందుకని నేను ఎప్పుడూ అడగలేదు. చేప కూడా ఎప్పుడూ పడలేదు. చిన్నవి పడ్డాయి, లెక్కలేనన్ని. చేయంత పొడవున్న బ్రౌన్ మాత్రం పడలేదు. డ్యామ్ దిగువన ఉన్న మా ఊళ్లో, నా వయసువాళ్ల ఇళ్లలో గోడమీద ఒక్క ఫొటో అయినా ఉంటుంది. మా ఇంట్లో ఆ చోట నా భార్య నాడీన్ క్యాలెండర్ తగిలించింది.

ఈ చలికాలం నా కుడిభుజం పూర్తిగా పాడైంది. రంపపు మిల్లులో జీవితమంతా దుంగలు ఎత్తిన భుజం. మంగళవారం ఆపరేషన్. ఆ తరువాత చేయి భుజం పైకి లేవదని డాక్టరు ముందే చెప్పేశాడు. అంటే ఈకలు కట్టిన గాలాన్ని తలమీదుగా తిప్పి దూరంగా విసరడం ఇక కుదరదు. శనివారం ఒక్కటే మిగిలింది.

ఆ శనివారం తెల్లవారుతుండగా నాడీన్ వాళ్లన్నయ్య వెర్లిన్ మా ఇంటిముందు పెద్దగా హారన్ కొట్టాడు.

"బావా! షాడ్ వచ్చింది! ప్యాంటు తొడుక్కుంటావా, అలాగే వస్తావా?"

చలి బాగా ముదిరితే డ్యామ్ వెనక జలాశయంలో షాడ్ అనే చిన్న తెల్లచేపలు చచ్చిపోతాయి. టర్బైన్లలోంచి కొట్టుకొచ్చి మా నదిలో పడతాయి. వాటికోసం లోతుల్లో దాక్కున్న పెద్ద ట్రౌట్లన్నీ పైకి వస్తాయి. కొన్ని చలికాలాల్లో షాడ్ అసలు రాదు. వచ్చినా మాకు వీలున్న రోజున రాదు.

మా పడవకు ఒక నియమం ఉంది. ఒకడు ముందు కూర్చుని గాలం వేస్తే, రెండోవాడు తెడ్లు పట్టుకుని పడవను ఒడ్డుకు సమదూరంలో నడపాలి. ముందున్నవాడికి చేప పడినా, పడబోయి తప్పినా వెంటనే చోట్లు మారాలి. ఒకప్పుడు షాడ్ వచ్చిన రోజే నాకు ఒకటి తప్పింది. నేను లేవబోతే వెర్లిన్ లేవనివ్వలేదు. ఆ వారమే మా నాన్నను మట్టిచేసి వచ్చాను. "కూర్చో, నువ్వే వెయ్యి. ఒక వంతు బాకీ పడ్డావు. మళ్లీ షాడ్ వచ్చిన రోజు వసూలు చేసుకుంటా" అన్నాడు. తరువాత వరసగా వెచ్చటి చలికాలాలు. మామూలు రోజుల్లో ఇస్తానంటే తీసుకోడు. ప్రతి క్రిస్మస్ విందులోనూ బంగాళాదుంపల గిన్నె నాకు అందిస్తూ, "మా బావ నాకు ఒక వంతు బాకీ" అని అందరికీ చెబుతాడు.

రేవులో పడవ దింపేటప్పుడు చూశాను. నీళ్లమీద తెల్లగా షాడ్, వాటిపైన కొంగలూ సముద్రపు పక్షులూ.

"ముందు నువ్వే కూర్చో" అన్నాను.

"నోర్మూసుకుని ఎక్కు. భుజం నీదా, నాదా?"

పొద్దుటి నుంచీ ఏదీ కలిసిరాలేదు. గాలపు కర్రకున్న రింగుల్లో మంచు గడ్డకట్టి దారం కదలలేదు. వెర్లిన్ మా వంటింట్లోంచి ఎత్తుకొచ్చిన నూనె రాశాడు. కాసేపు పనిచేసి మళ్లీ గడ్డకట్టింది. గాలాన్ని విసరబోతే వెనక సికమోర్ చెట్టు కొమ్మకు తగులుకుంది.

"అక్కడ ఉడతలుంటాయి బావా. ట్రౌట్లు కింద ఉంటాయి."

"పడవ అంత ఒడ్డుకు తెచ్చిందెవరు?"

"ఆ చెట్టు నేను పుట్టకముందు నుంచీ అక్కడే ఉంది."

ఇంకో గాలం కట్టాను. వేళ్లకు స్పర్శ లేదు, ముడి రెండుసార్లు జారింది. కట్టి వేస్తే చేపలు కన్నెత్తి చూడలేదు. నీళ్లనిండా నిజమైన షాడ్ ఉంటే నా తెల్ల ఈకలు ఎవరిక్కావాలి? ఎదురుగా పోతున్న పడవలో ఒక కుర్రాడు టోపీ కూడా లేకుండా నిలబడి, మా కళ్లముందే చేయంత బ్రౌన్‌ను పట్టి కేకలు పెట్టాడు. ప్రభువు క్షమించుగాక, వాడు నీళ్లలో పడితే బాగుండుననిపించింది.

మధ్యాహ్నం వెర్లిన్ చిన్న రొట్టెలో సాసేజ్ పెట్టి ఇచ్చాడు. భుజం మండుతోంది, తినాలనిపించలేదు.

"గుర్తుందిగా? చేప కొడితే కర్ర ఎత్తకు. దారం గుంజు" అన్నాడు వెర్లిన్. అది పదోసారో పన్నెండోసారో.

మా వాళ్లందరికీ ఉన్న జబ్బే అది. చిన్నప్పటి నుంచి గోరంత గాలాలతో పట్టాం. చేప ముట్టగానే కర్ర పైకెత్తాలి. చేతికి అదే అలవాటు. ఈ అరచేయంత గాలానికి అలా ఎత్తితే చేప నోట్లోంచి ఊడి వచ్చేస్తుంది. కర్రను నీళ్లవైపే ఉంచి, ఎడమచేత్తో దారాన్ని వెనక్కి గుంజాలి. ఇది తెలియనివాడు మా నదిమీద లేడు. తెలిసీ ఎత్తనివాడూ లేడు.

కొండగోడ కింద ఒక పెద్ద దుంగ మునిగి ఉంటుంది. గాలం దాని పక్కన పడింది. ఒకసారి లాగాను, రెండోసారి లాగాను. దుంగే కదిలినట్టు ఒక పసుపుపచ్చని పొడుగాటి వీపు లేచింది. నోరు తెరుచుకోవడం చూశాను. లోపలి తెలుపు చూశాను.

కర్ర ఎత్తాను.

గాలం గాల్లోకి ఎగిరి నా టోపీని తాకి పడింది. భుజంలో కత్తి దిగినట్టయింది.

"ఎత్తావు" అన్నాడు వెర్లిన్.

"తెలుసు."

"పొద్దుటి నుంచీ చెబుతూనే ఉన్నా కదయ్యా!"

"తెలుసన్నానా!" నా కేక కొండగోడకు తగిలి తిరిగొచ్చింది. సంఘపెద్దను నేను, అలా అరవకూడదు. కానీ అరిచాను.

చూస్తుండగా ఒడ్డున తడిరాళ్లు బయటపడటం మొదలైంది. పైన డ్యామ్‌లో టర్బైన్లు ఆపేశారు. నీరు తగ్గితే షాడ్ రాదు, పెద్దచేపలు తిరిగి లోతుకు పోతాయి. వెర్లిన్ మోటారు వేసి పడవను మళ్లీ కొండగోడకు ఎగువకు తెచ్చాడు. మోటారు ఆపి తెడ్లు అందుకున్నాడు.

"ఇంక ఒక్కసారికే నీళ్లున్నాయి. అది ఇంకా అక్కడే ఉంది, గాలం గుచ్చుకోలేదు దానికి. వెయ్యి."

నేను లేచాను. "నాకు చేప తప్పింది. చోటు మారాలి."

"ఇవాళ నియమం లేదు. కూర్చో."

"ఆరోజు కూడా ఇదే అన్నావు."

"ఆరోజు వేరు. బావా, మంగళవారం తరువాత నువ్వు మళ్లీ—" అని ఆగిపోయాడు. వెర్లిన్ మాట మధ్యలో ఆపడం నేను ఎప్పుడూ చూడలేదు.

"షాడ్ వచ్చిన రోజు వసూలు చేసుకుంటానన్నావు. వచ్చింది. లే."

"నీకు పిచ్చా?"

"పడవ కొట్టుకుపోతోంది, లే!"

తిడుతూనే లేచాడు. నేను తెడ్ల దగ్గర కూర్చున్నాను. తెడ్లు లాగడానికి చేయి పైకి లేవక్కర్లేదు. నొప్పి ఉంది, ఓర్చుకోదగిందే. దుంగకు సరైన దూరంలో పడవను పట్టి నిలిపాను. అంత చక్కగా ఎప్పుడూ నిలపలేదనుకుంటాను.

వెర్లిన్ గాలం విసిరాడు. అది గాల్లో ఉండగానే, 'ప్రభువా, ఇతనికి ఇయ్యి' అని నా నోట్లోంచి వచ్చేసింది. అడగవచ్చా లేదా అని ఆలోచించే వ్యవధే లేకపోయింది.

గాలం దుంగ పక్కన పడింది. ఒక లాగు. నీళ్లు ఉబ్బాయి. అదే వీపు, అదే తెల్లటి నోరు.

వెర్లిన్ కర్ర ఎత్తాడు.

గాలం ఖాళీగా వెనక్కి వచ్చి పడవ అంచుకు కొట్టుకుంది. వెర్లిన్ దాన్ని చేతిలోకి తీసుకుని, ఎవరో తనకు ఇచ్చినట్టు చూశాడు.

"ఎత్తావు" అన్నాను.

"ఎత్తలేదు."

"ఎత్తావు బావా. నేను చూశాను, దేవుడు చూశాడు, చేప చూసింది."

తల కొట్టుకున్నాడు. తరువాత కర్రను నావైపు చాపాడు. "సరే, నాకూ తప్పింది. మారాలి. రా."

దుంగ సగం బయటపడి, దానిమీద నాచు వేలాడుతోంది. గాలం వెయ్యడానికి అక్కడ నీళ్లే లేవు. ఇద్దరం చూశాం. నేను కర్ర అందుకోలేదు. నేను చేసిన ఆ ఒక్క ప్రార్థనకు 'కాదు' అన్న జవాబు వచ్చిందా, లేక అడగాల్సింది ఇంకేదో ఉందా, నాకు తెలియలేదు. కోపం మాత్రం ఇంకా పోలేదు. పడవను రేవువైపు తిప్పాను.

వెర్లిన్ పడవ ముందుభాగంలోనే కూర్చుని, వీపు నావైపు పెట్టి దారం చుట్టుకున్నాడు.

"నీ వంతు బాకీ చెల్లిపోయింది పో" అన్నాడు చివరికి, తిరగకుండానే. "ఇంక క్రిస్మస్‌కి నేనేం మాట్లాడాలి?"

"నువ్వు కర్ర ఎత్తిన సంగతి నేను మాట్లాడతాలే" అని తెడ్లు లాగాను.