పెగ్ గూటి మూత

పెగ్ మెడ వెనక తెల్ల బొచ్చు తడిసి ముద్దకట్టి, దాని కింద పంటిగాట్లు ఎర్రగా కనబడగానే హెడ్లీ ట్యూలిప్‌కి సంగతి తెలిసిపోయింది. ముంగిసల్లాంటి ఫెర్రెట్లను వేటకు పెంచే ఇంట్లో పుట్టినవాడికి ఇంకొకరు చెప్పక్కర్లేదు. జతకట్టేటప్పుడు మగది ఆడదాని మెడ కరిచిపట్టి ఒక పూటంతా ఈడ్చుకు తిరుగుతుంది. అంటే తను గనిలో బొగ్గు తవ్వుకుంటున్న వేళ ఎవరో తన పెరట్లోని గూడు తెరిచి పెగ్‌ని మగదాని దగ్గరకు చేర్చారన్నమాట.

ఎవరో ఏమిటి, ఈనక్ రేన్! గోడవతలి పెరడు వాడిదే. వీధి మొత్తానికి పేరున్న మగ ఫెర్రెట్ సుల్తాన్ కూడా వాడిదే.

నిజానికి మొన్నమొన్నటి దాకా వాళ్లిద్దరూ మర్రాలు. మా గనుల్లో పక్కన నిలబడి తవ్వే జతగాణ్ణి అలాగే పిలుస్తాం. పెళ్లాంతో కన్నా మర్రాతోనే ఎక్కువ పొద్దు గడుస్తుంది, పైకప్పు కూలితే ముందు చెయ్యి అందించేదీ వాడే. శనివారాల్లో ఇద్దరూ కలిసి పొలాల గట్లకు కుందేళ్ల వేటకు పోయేవాళ్లు. కలుగులన్నిటి మీదా ఈనక్ వలలు పరిచేవాడు, హెడ్లీ కోటు జేబులోంచి పెగ్‌ని తీసి ఒక కలుగులోకి వదిలేవాడు. లోపల దడదడమని నేల అదిరేది, కుందేలు ప్రాణభయంతో బయటికి దూకి వలలో పడేది. ఆ రోజుల్లో గని వారానికి మూడు రోజులే నడిచేది. కుందేలు దొరకని వారం చాలా ఇళ్లలో బంగాళదుంపలతోనే సరిపెట్టుకునేవాళ్లు.

పోయిన చలికాలం ఒక శనివారం పెద్ద గట్టుకు వెళ్తే, పెగ్ ఒక కలుగులో దూరి మరో కలుగులోంచి ఊరికే బయటికొచ్చింది. ఒక్క కుందేలూ లేదు. కలుగుల ముందు మట్టి తాజాగా తవ్వి ఉంది. "మనకంటే ముందెవడో వచ్చి ఊడ్చుకుపోయాడు" అన్నాడు హెడ్లీ. సరిగ్గా అప్పుడే ఈనక్ దగ్గాడు. గుమ్మడికాయల దొంగంటే వీడు భుజాలు తడుముకున్నాడని హెడ్లీ తీర్మానించేశాడు. బొగ్గు దుమ్ము మింగినవాడు దగ్గక పాటలు పాడతాడా? ఆ మాట ఎవరన్నా అన్నా వినే మనిషి కాదు. హెడ్లీది తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లనే రకం. సోమవారం మేస్త్రీ దగ్గరికెళ్లి మర్రాను మార్చమన్నాడు. ఎందుకని మేస్త్రీ అడిగితే చెప్పలేదు. ఈనక్ అడిగితే అసలు మొహమే తిప్పుకున్నాడు.

తర్వాత వసంతం వచ్చింది, పెగ్ ఎదకొచ్చింది. ఆడ ఫెర్రెట్‌కి వచ్చే ఎద మగది కలిస్తే గానీ తగ్గదు. కలవకపోతే చిక్కిపోయి, బొచ్చు రాలి, నెత్తురు పాలిపోయి చస్తుంది. పెగ్ అంటే హెడ్లీకి ఒట్టి వేటజంతువు కాదు. వాళ్ల నాన్న బతికున్నన్నాళ్లూ కాపాడుకొచ్చిన తెల్ల ఫెర్రెట్ల వంశంలో మిగిలింది అదొక్కటే. మనిషి వేలు కొరకని జాతి, కలుగులో కుందేల్ని చంపి అక్కడే తిని నిద్రపోని జాతి. పెగ్‌కీ వయసు మీద పడుతోంది. ఈసారి ఈనకపోతే ఆ వంశం ఇక అక్కడితో సరి.

"మరి మగదాన్ని చూడవేమయ్యా?" అని హెడ్లీ భార్య ఎట్టీ రోజూ పోరేది. "డాసన్ వాళ్లది ఉందిగా?"

"అది సంతలో కొన్నది. అయ్యెవరో అమ్మెవరో."

"పోనీ, కొలిమి వాళ్లది?"

"దానికి తుమ్ములు. ఉన్న ఒక్కదానికీ రోగం అంటించమంటావా?"

"అయితే పక్కింట్లో సుల్తాన్…"

"ఆ పేరు ఈ ఇంట్లో ఎత్తకు."

వచ్చే వారం చూద్దాం, వచ్చే వారం చూద్దాం అంటూనే నెల దాటింది. పెగ్ డొక్కలు తేలిపోయాయి, తోక మీద బొచ్చు రాలడం మొదలైంది. హెడ్లీ దాన్ని ఒళ్లో పెట్టుకుని నిమురుతూ ఉండేవాడే గానీ ఏ మగదాని యజమాని మొహం తలుచుకున్నా వాడికి ఏదో ఒక కుట్ర కనబడేది. అలాంటి సమయంలో ఈ పంటిగాట్లు.

"చూశావా దాని మెడ?" అన్నాడు వంటింట్లోకి వచ్చి.

ఎట్టీ రొట్టెపిండి పిసుకుతోంది, తల తిప్పలేదు. "పోన్లే. ఇక బతుకుతుంది కదా."

"బతుకుతుందా? వాడి ఎత్తు నీకు తెలియడం లేదు. పుట్టిన పిల్లల్లో మొదట ఏరుకునే హక్కు మగదాని సొంతదారుడిది. తాతల నాటి కట్టుబాటు. కళ్లు తెరిచే దాకా ఆగి, ‘నా సుల్తాన్ పిల్లలివి, నా వంతు ఇవ్వు’ అంటాడు. ఉన్నవాటిలో మేలైన ఆడపిల్లను చంకనెట్టుకు పోతాడు."

"అడిగాడా?"

"అడగలేదు. అడగలేదనే కదా నా అనుమానం!"

"అడిగితే ఆశ అంటావు, అడక్కపోతే ఎత్తు అంటావు. పాపం ఆ మనిషి ఊపిరి ఎలా పీల్చాలో కూడా నువ్వే చెప్పి పుణ్యం కట్టుకో."

హెడ్లీ గూటికి ఇనప తాళం వేశాడు. తాళంచెవి గడియారం పక్కన మేకుకు తగిలించాడు. పెగ్ తిండి తినసాగింది, డొక్కలు పూడుకున్నాయి, కడుపు కిందికి జారింది. దాన్ని చూస్తే వాడికి ఆనందం, గోడవతల చూస్తే మంట. ఒకరోజు గోడమీద కాగితంలో చుట్టిన కుందేలు కాలేయం పెట్టి ఉంది. "కడుపుతో ఉంది కదా, పెట్టు" అని అవతలినుంచి ఈనక్ గొంతు. హెడ్లీ దాన్ని వాసన చూశాడు, తిప్పి చూశాడు, చివరికి ఈనక్ పిల్లికే వేశాడు. పిల్లి తిని మూతి నాక్కుంటూ గోడెక్కి కూర్చుంది. మర్నాడూ అక్కడే ఉంది, ఆ మర్నాడూ అక్కడే. "నెమ్మదిగా పనిచేసే మందు కాబోలు" అనుకున్నాడు. అనుమానం పెనుభూతమని ఊరికే అనలేదు పెద్దలు. వీడు ఆ భూతానికి కంచంలో వడ్డించి మరీ మేపాడు.

పెగ్ ఈనింది. ఒక తెల్లవారి గూట్లోంచి సన్నని కీచులు వినబడితే హెడ్లీ పెరట్లో ఒంటరిగా నిలబడి కళ్లు తుడుచుకున్నాడు. నాన్న ఉంటే ఎంత సంతోషించేవాడో అనుకున్నాడు. వాళ్ల నాన్న నేర్పిన మొదటి పాఠం వాడికి కంఠతా వచ్చు. ఈనిన ఫెర్రెట్ గూడు మూడు వారాలపాటు ముట్టుకోకూడదు. మూత ఎత్తకూడదు, గడ్డి కదపకూడదు, తిండి కంతలోంచి లోపలికి తోసి వెళ్లిపోవాలి. ఈ మాట వీధిలో కొత్తగా ఫెర్రెట్లు పెంచేవాళ్లకు చెప్పేది కూడా హెడ్లీయే.

ఆ సాయంత్రం ఈనక్ గోడమీద మోచేతులు ఆనించి నిలబడ్డాడు. "ఈనిందటగా. ఎన్ని పిల్లలు?"

హెడ్లీ విసురుగా లోపలికి వచ్చేశాడు. తిండి సహించలేదు. ఎన్ని అని ఎందుకడిగాడు? లెక్క తెలియని సొత్తులోంచి ఒకటి పోయినా యజమానికి తెలియదు, దొంగకి కావాల్సింది అదే కదా! కాబట్టి లెక్క తెలియాలి. ఒక్కసారి. నా చెయ్యి దానికి కొత్తా ఏమిటి, నా జేబులో పెరిగిన పిల్ల. ఇలా తనకు తానే నచ్చజెప్పుకుని తాళం తీశాడు, మూత ఎత్తాడు, గడ్డి తొలగించాడు. వేలెడు కూడా లేని ఎర్రటి పిల్లలు ఏడు. పెగ్ బుస్సుమంది. జీవితంలో మొదటిసారి వాడి వేలు నెత్తురొచ్చేలా కొరికింది. "సుల్తాన్ బుద్ధులు అంటుకున్నాయి" అనుకున్నాడు వేలు చప్పరిస్తూ.

మర్నాడు గని నుంచి రాగానే లెక్క సరిచూశాడు. ఆరు.

ఇక చూడండి వాడి సంబరం! సంబరమనే అనాలి, ఎందుకంటే అనుమానం నిజమైతే మనిషికి బాధలో కూడా ఒక రకం తృప్తి. గూడు చుట్టూ జల్లించిన బూడిద చల్లాడు. తెల్లవారుజామున పనికి పోయే ముందు ఒకసారి మూత ఎత్తి ఆరూ ఉన్నాయని చూసుకున్నాడు. సాయంత్రం వచ్చి చూస్తే నాలుగు. బూడిదలో మేకుల బూట్ల గుర్తులు స్పష్టంగా ఉన్నాయి. హెడ్లీ తన బూటు తీసి ఒక గుర్తులో పెట్టాడు. అతికినట్టు సరిపోయింది.

"చూశావా! వాడిదీ నాదీ ఒకటే కొలత" అన్నాడు ఎట్టీతో. "గని కొట్లో అమ్మేవి అందరికీ ఇవే బూట్లు. నా అడుగుల్లో అడుగులు వేసుకుంటూ వచ్చాడు గుంటనక్క!"

ఎట్టీ ఆ గుర్తుల వంకా మొగుడి వంకా చూసింది. "తాళం ఉందిగా?"

ఆ ప్రశ్న దగ్గర వాడు ఆగిపోయాడు. అవును, తాళం ఉంది. చెవి ఇంట్లో మేకుకు ఉంది. తను గనిలో ఉన్నప్పుడు ఇంట్లో ఉండేది ఎట్టీ ఒక్కతే. రాత్రంతా గోడవైపు తిరిగి పడుకున్నాడు. పక్కన ఎట్టీ ఊపిరి కూడా వాడికి దొంగ నిద్రలా అనిపించింది. తెల్లారి మూత ఎత్తితే మళ్లీ తగ్గాయి. ఆ రోజు గని లేదు. మధ్యాహ్నం మళ్లీ ఎత్తాడు. గడ్డి మొత్తం తిరగేసి వెతికితే రెండే దొరికాయి.

"ఎట్టీ!" అని అరిచాడు పెరట్లోంచి. ఆమె తడి చేతులతో పరుగెత్తుకొచ్చింది. "ఒట్టేసి చెప్పు. నువ్వు ఆ ఈనక్ ఇంటికి వెళ్లావా లేదా?"

ఆమె మొహం ఎర్రబడింది. "వెళ్లాను" అంది.

హెడ్లీ గూటి మీద చెయ్యి ఆనించి నిలబడ్డాడు.

"ఇప్పుడు కాదు. పెగ్ చావుకు సిద్ధమైనప్పుడు వెళ్లాను. శాలువాలో చుట్టి నేనే తీసుకుపోయి సుల్తాన్ దగ్గర వదిలాను. ఎవరూ మన పెరట్లోకి రాలేదు. మీ నాన్న జ్ఞాపకం అదొక్కటే మిగిలిందని నువ్వే ఏడుస్తావు, నువ్వే చంపుకుంటావు. చూస్తూ ఊరుకోమంటావా? నాకు పిల్ల వద్దు, నా వంతూ వద్దు అన్నాడా మనిషి. నా పేరు మాత్రం చెప్పొద్దు, తెలిస్తే పిల్లల్ని బకెట్లో ముంచేస్తాడు అన్నాడు. అంత మంచి పేరు తెచ్చుకున్నావు నువ్వు!"

"మరి పిల్లలేవీ? తాళంచెవి ఎవరిచ్చారు వాడికి?"

ఈ కేకలకు ఈనక్ వెనక గేటు తోసుకుని వచ్చాడు. చొక్కా చేతులు మడిచి ఉన్నాయి, చేతికి తోట మట్టి. గూటిని చూశాడు, తెరిచిన తాళం చూశాడు, చుట్టూ బూడిద చూశాడు.

"మూత ఎత్తావా హెడ్లీ?"

"ఎత్తనా మరి? లెక్క చూసుకోవద్దూ?"

"ఎన్నిసార్లు?"

"పొద్దునా… సాయంత్రం." హెడ్లీ గొంతు చిన్నదైంది. "పోతున్నాయి కదా, అందుకని."

"ఈనిన దాని గూడు కదిపితే అది ఏం చేస్తుంది?" ఈనక్ కోపంగా అడగలేదు. "నాకు నేర్పింది నువ్వేగా. చెప్పు."

హెడ్లీకి తెలుసు. తల్లి బెదిరిపోతుంది. గూడు భద్రం కాదనుకుంటుంది. బిడ్డల్ని ఒక్కొక్కటిగా నోట కరుచుకుని తినేస్తుంది, ఎముక కూడా మిగల్చదు. తొమ్మిదేళ్లప్పుడే తెలుసు వాడికి. బూడిదలో ఉన్న గుర్తుల వైపు చూశాడు, అవన్నీ తనవే. దొంగ కోసం కాపలా కాసి, కాపలా కాసి, నాన్న వంశాన్ని తన చేతులతోనే తుడిచిపెట్టుకున్నాడు. అంత సిగ్గు వాడు పుట్టి ఎరగడు.

చెయ్యి దానంతటదే మూత మీదికి పోయింది, ఆ రెండన్నా ఉన్నాయో లేదో చూద్దామని.

"వద్దు" అన్నాడు ఈనక్. "మిగిలి ఉంటే, ఇప్పుడెత్తావంటే అవీ ఉండవు."

అతను మోకాళ్ల మీద వంగి, గూటి చెక్క మీద చెవి ఆనించి కళ్లు మూసుకున్నాడు. ఎట్టీ నడుముకు కట్టుకున్న వంట గుడ్డను నోటికి అడ్డం పెట్టుకుంది. చాలాసేపు అలాగే ఉండి ఈనక్ తలెత్తాడు.

"ఒకటి ఉంది. కీచుమంటోంది."

హెడ్లీ గబగబా మోకాళ్ల మీద పడి తనూ చెవి ఆనించాడు. గడ్డి కదిలిన చప్పుడు, తన గుండె చప్పుడు. ఇంకేమీ వినబడలేదు.

"నిజంగా విన్నావా?" అన్నాడు. "నన్ను ఊరడించడానికి అంటున్నావా?"

"నమ్మకం లేకపోతే మూత ఎత్తి చూసుకో."

హెడ్లీ తాళం వైపు చూశాడు. ఈనక్ మొహం వైపు చూశాడు. చేతులు రెండూ చంకల్లోకి దూర్చుకుని, పెరటి రాళ్ల మీద అతని పక్కనే చతికిలబడ్డాడు.

"ఒక్కటేనా?" అన్నాడు.

"ఒక్కటే" అన్నాడు ఈనక్.